మన్యపు దారిలో ఒంటరి బాటసారి



ఉదయకాలమున గొలుగొండ, కృష్ణదేవిపేటల వైపునుండి వచ్చు బస్సు నర్సీపట్నం బస్సు స్టాండులో ఆగినప్పుడు దానిలోనుండి దిగువారిని ఒకసారి చూడుడి. పుస్తకముల సంచి భుజమున వేసికొనిన ఆడపిల్ల ఒంటరిగా దిగును. ఆస్పత్రికి పోవు ముసలమ్మ చేతికఱ్ఱ ఊతగా ఒంటరిగా దిగును. 2025 ఆగష్టు 15న మన రాష్ట్రములో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము ప్రారంభమైన తరువాత ఇట్టివారు మరింత ఎక్కువగా కనబడుచున్నారు. వారిని చూచి ఎవరును ఆశ్చర్యపడరు. అయితే ఈ దారి చరిత్ర తెలిసినవాడు ఆశ్చర్యపడక ఉండలేడు.

పరీక్షల ఫలితములు తెలిసిన వారములో తలిదండ్రులు నా యొద్దకు వచ్చి అడుగు ప్రశ్న తరచుగా ఒక్కటే. "అయ్యగారూ, నర్సు చదువుకి సీటొచ్చింది. పిల్లనొక్కర్తినీ అంత దూరం పంపొచ్చంటారా?" కొందరు భయపడి పంపక, చదువు మాన్పించి, ఆ వేసవిలోనే పెండ్లి చేయుదురు. కొందరు ప్రార్థన చేయించుకొని, బస్సు ఎక్కించి, ఆ రాత్రి పిల్ల ఎక్కడ పండుకొనునో విచారింపకయే పొలమునకు పోవుదురు. మొదటివారు తమ భయమును జ్ఞానమనుకొందురు, రెండవవారు తమ అజాగ్రత్తను విశ్వాసమనుకొందురు. ఈ రెండును నాకు సమ్మతము కావు. మన పెద్దలు ఈ కొండదారులలో ఎట్లు ప్రయాణము చేసిరో, ఎవరు క్షేమముగా చేరిరో, ఎవరు చేరలేదో విచారించినయెడల ఈ ప్రశ్నకు కొంత వెలుగు దొరకును.

గొలుగొండ ఒకప్పుడు జమీందారీ. పాత ఇంగ్లీషు దస్తావేజులలో దీనిని కూడ గోల్కొండ అనియే వ్రాసిరి గనుక హైదరాబాదు కోటతో కలిపి పొరబడవద్దు. 1836 ప్రాంతమున కుంఫిణీ ప్రభుత్వము ఇక్కడి జమీందారుడైన అనంతభూపతిని తొలగించి, ఆ వంశములోని జమ్మదేవత అను స్త్రీని ఆ స్థానమున నిలిపెను. మన్యపు నాయకులను ఒక మాటయైనను అడుగలేదు. వారు కోపించి ఆమెను చంపిరి. పాపము, ఆమె చేసిన దోషమేమియు కనబడదు. 1837లో శిస్తు బకాయిల క్రింద జమీ ప్రభుత్వపరమాయెను. తరువాత 1845 మొదలు 1848 వరకు చిన్నభూపతి పక్షమున కొండవారు తిరుగబడిరి. 1879, 1880 సంవత్సరములలో రంప పితూరీ ఈ గొలుగొండ కొండలకు కూడ ప్రాకెను. ఇట్టి కాలములో నర్సీపట్నము దాటి పైకి పోవలసిన పల్లపు మనుష్యుడు ఇంట వీడ్కోలు చెప్పి, తిరిగి వచ్చుట దైవాధీనమని బయలుదేరుచుండెను.

అయితే అతడు ఎవరికి భయపడెను? ఈ ప్రశ్న ముఖ్యమైనది. మనిషి తాను భయపడుదానినుండి తన్ను కాపాడుకొనును గాని, నిజముగా తన్ను చంపుదానినుండి కాదు. కొండమనిషి బాణమునకు భయపడిరి, పులికి భయపడిరి, చేతబడికి భయపడిరి. వారిలో ఎందరినో పడగొట్టినది మన్యపు జ్వరము. పితూరీలను అణచుటకు వచ్చిన సిపాయిలను సయితము ఆ జ్వరము గుంపులు గుంపులుగా మంచము పట్టించెను. కొండగాలి చెడ్డదనిరి, ఊటనీళ్లు విషమనిరి. అసలు సంగతి 1897 ఆగష్టు 20న మన తెలుగుదేశములోనే, సికింద్రాబాదులో బయటపడెను. రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఒక దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినితో చూచి, మలేరియా పురుగును దానిలో కనుగొనెను. ఆ పరిశోధనకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అనగా కత్తి పట్టిన ఇరువదిమందిని తోడు తీసికొని మన్యమునకు పోయినవానికంటె, దోమతెర కట్టుకొని, క్వయినా మాత్ర మ్రింగి ఒంటరిగా పోయినవాడు ఎక్కువ భద్రముగా ఉండెను.

ఇక పల్లపు రాజమార్గము సంగతి. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. తిరుగు ప్రయాణములో మన విశాఖపట్టణపు సీమ గుండానే వచ్చిరి. ఆయనతో కూడ సుమారు నూరుమంది పరివారము నడిచెను. ఏ ఊరిలో మంచినీళ్లు కలవో, ఎక్కడ సత్రము కలదో, ఏ ఏరు దాటుట కష్టమో, అంగళ్లలో ఏమి దొరకునో అన్నియు వ్రాసి తన స్నేహితుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి తెలుపుచు వచ్చిరి. 1838లో ఆ స్నేహితుడే దానిని అచ్చువేయించెను. ఆయన క్షేమమునకు నూరుమంది తోడు ఒక కారణమగును. అయితే ఆ వ్రాత కూడ అంతటి కావలియే అని నా తలంపు. దారి ఎట్టిదో కనిపెట్టి వ్రాయువాడు కన్ను మూసికొని నడువడు. అతడు ఎక్కడ ఉన్నాడో దూరమున ఒకరికి తెలిసియుండును.

తోడు ఉన్నంతమాత్రమున క్షేమమని తలంపవద్దు. వీరాస్వామయ్యగారు జబ్బల్‌పురము మీదుగా పోయిన ఆ రోజులలోనే ఆ ప్రాంతములో స్లీమన్ అను దొర థగ్గులను హంతకులను పట్టుటకు పూనుకొని యుండెను. 1836లో వారి నిమిత్తము ప్రత్యేక చట్టము కూడ చేయబడెను. థగ్గులు పొదలలోనుండి దుమికి కొట్టువారు కారు. వారే బాటసారులవలె వేషము వేసికొని, "దారి మంచిది కాదు, దొంగలు కలరు, మనము కలిసి పోవుదము" అని ప్రియముగా పలికి తోడు చేరుదురు. కొన్నిదినములు ఒకే చెట్టుక్రింద వండుకొని తిందురు. నమ్మకము కుదిరిన తరువాత, ఎదుటివారు ఏమరియున్న వేళ, గుడ్డతో మెడ బిగించి చంపుదురు. ఒంటరివారినే కాదు, గుంపులను కూడ ఇట్లే తుదముట్టించిరి. చదువరీ, దీనిని జాగ్రత్తగా గమనింపుము. వారు అమ్మిన సరుకు భద్రతయే. బాటసారి భయమే వారి ఉపాధి. ఈనాడు "హైదరాబాదులో మంచి ఇంటిలో పని ఇప్పించెదను, గల్ఫుకు పంపెదను, అన్నియు నేనే చూచుకొందును, నీవేమియు అడుగనక్కరలేదు" అని పల్లెకు వచ్చు దళారీని చూచినప్పుడు నాకు ఆ థగ్గులే జ్ఞాపకమునకు వత్తురు.

1893 మొదలు 1896 లోపల బెజవాడనుండి కటకమువరకు రైలుదారి పడెను. నూరుమంది పరివారము అక్కర లేకపోయెను, ఒక టిక్కెట్టు చాలెను. మన ప్రాంతమునకు "నర్సీపట్నం రోడ్డు" అని ఒక స్టేషను వచ్చెను. ఆ పేరు చూచి మోసపోయిన క్రొత్తవారు ఎందరో! స్టేషను ఒకచోట, నర్సీపట్నము చాల దూరమున మరియొకచోట. చీకటిపడి అక్కడ దిగినవానికి రైలులోని వందల మైళ్లకంటె ఆ మిగిలిన మైళ్లే కష్టము. అందుచేత తెలిసినవారు తునిలోగాని అనకాపల్లిలోగాని పగటివేళ దిగి బస్సు పట్టుకొందురు. ప్రయాణములోని చివరి ముక్కనుగూర్చి ముందే విచారించుట మన పెద్దలు నేర్చిన బుద్ధి.

ఇప్పుడు గొలుగొండ మండలములోని కృష్ణదేవిపేటకు వత్తము. అల్లూరి శ్రీరామరాజు, అనగా మనము సీతారామరాజు అని పిలుచు ఆయన, 1916లో ఉత్తరదేశ యాత్రకు పోయి, 1917లో కృష్ణదేవిపేట చేరెను. అప్పటికి ఇరువది యేండ్ల యువకుడు. వెంట సైన్యము లేదు, ధనము లేదు. ఆయన మతము వేరు, ఆయన పట్టిన ఆయుధమార్గము వేరు. ఆ విషయములలో క్రైస్తవుడనగు నేను ఆయనను అనుసరింపలేను. అయినను చరిత్ర చెప్పునప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. ఆ ఒంటరి యువకునికి ఆ ఊరివారు ఆశ్రయమిచ్చిరి. కొండపల్లెలవారు ఆయనను తమవానిగా ఎంచుకొనిరి. పల్లపువారు జ్వరమునకును బాణమునకును భయపడి పోని గూడెములకు ఆయన ధైర్యముగా పోయి, వారి రోగములకు మందులిచ్చి, వారి కష్టములు విని, వారితో కూడ భుజించెను.

అదే కాలమున నర్సీపట్నము నుండి లంబసింగి వైపు ఒక రోడ్డు వేయబడుచుండెను. గూడెం డిప్యూటీ తహశీల్దారుగా ఉన్న బాస్టియను కొండవారిచేత దానిపై బలవంతముగా పని చేయించి, న్యాయమైన కూలి ఇయ్యలేదు. అడిగినవారికి దెబ్బలు. పొలములు కోసిన పనివారికి ఇయ్యని కూలి దేవుని చెవిని మొరపెట్టునని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో వ్రాసిన మాటను ఈ కొండదారి ఎక్కునప్పుడెల్ల నేను తలంచుచుందును. మనము చల్లగా కిటికీయొద్ద కూర్చుండి పొగమంచు చూడబోవు దారికి వెల చెల్లించినవారు వేరు.

ఆ మొర పితూరీగా మారెను. 1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషనులపై రాజు పక్షమువారు పడి తుపాకులు తీసికొనిపోయిరి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దరు ఇంగ్లీషు అధికారులు సాయుధబలగముతో నడచుచుండగానే చంపబడిరి. వారికి తుపాకులు కొదువ కాలేదు, తోడు కొదువ కాలేదు. అయిదేండ్లకు ముందు ఈ కొండలలోనే ఏ ఆయుధమును లేని ఒక యువకుడు క్షేమముగా తిరిగెను. దారి ప్రక్కను నివసించువారు ఎవరినిగూర్చి ఏమి తలంచిరి అనుదానిలో ఈ భేదమంతయు ఉన్నది. 1924 మే 7న కొయ్యూరులో రాజు కాల్చి చంపబడెను. ఆయన సమాధి కృష్ణదేవిపేటలోనే ఉన్నది. బస్సు దిగి ఎవరైనను చూడవచ్చును.

లేఖనములు ప్రయాణమునుగూర్చి ఏమి చెప్పుచున్నవి? ఎజ్రా యెరూషలేమునకు పోవునప్పుడు రాజునొద్ద కావలిబలమును అడుగుటకు సిగ్గుపడి, ఉపవాసముండి, దేవునిపై ఆనుకొని బయలుదేరెను (ఎజ్రా 8). కొన్ని సంవత్సరముల తరువాత నెహెమ్యా అదే రాజునొద్దనుండి, అదే పట్టణమునకు పోవుచు, అధికారులను, రౌతులను, దారిలోని అధిపతులకు ఉత్తరములను తీసికొని పోయెను (నెహెమ్యా 2). ఎజ్రాకు విశ్వాసము ఎక్కువ, నెహెమ్యాకు తక్కువ అని ఎవరైన ప్రసంగించినయెడల నేను ఒప్పుకొనను. ఎజ్రాతో సయితము గోత్రములవారు, యాజకులు, పిల్లలు గుంపుగా ఉండిరి. నదియొద్ద మూడు దినములు ఆగి, ఎవరు వచ్చిరో ఎవరు రాలేదో లెక్క చూచినవాడు ఆయనే.

పౌలు భక్తుని చూడుడి. నదులవలన, దొంగలవలన, పట్టణములో, అరణ్యములో, సముద్రములో తనకు కలిగిన ఆపదలను రెండవ కొరింథీ పత్రిక 11లో వరుసగా చెప్పెను. అట్టి ధైర్యశాలి దమస్కులో గంపలో కూర్చుండి గోడమీదుగా దిగుటకు నామోషీ పడలేదు. యెరూషలేములో నలువదిమందికి పైగా తన్ను చంపుటకు ఒట్టుపెట్టుకొనిరని మేనల్లుడు చెప్పగా, "ప్రభువు నాకు తోడున్నాడు, ఏమియు కాదు" అని ఊరకుండలేదు. ఆ పిల్లవానిని సహస్రాధిపతియొద్దకు పంపెను. ఆ రాత్రియే 470 మంది కావలివారి నడుమ ఆయనను ఊరు దాటించిరి. దీనికి ముందు రాత్రియే ప్రభువు ఆయనయొద్ద నిలిచి, నీవు రోమాలో సాక్ష్యమియ్యవలెనని వాగ్దానము చేసియుండెను. వాగ్దానము కలిగినవాడు కూడ కబురు చెప్పి పంపెను! దేవదూతలు కాపాడుదురు గనుక శిఖరమునుండి దుముకుమని చెప్పినవాడు ఎవడో, దానికి మన ప్రభువు ఏమని బదులిచ్చెనో మీరెరుగుదురు.

మన తెలుగు సంఘ చరిత్రలోను ఇట్టివారు కలరు. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యరు, రాజమండ్రి పని వేరొకరి చేతులకు పోవునని విని, 1869లో 76 ఏండ్ల వయస్సులో ఓడ ఎక్కెను. యువకుడగు ష్మిట్ అయ్యగారు 1870లోగాని రాలేదు. ఆ వృద్ధుడు అప్పటికి పలనాటిలో, గురజాలలో సంవత్సరములు గడిపినవాడు. తెలుగు తెలిసినవాడు, ఏ ఊరిలో ఎవరి తలుపు తట్టవలెనో తెలిసినవాడు. పడుచువానికి బలము, ముసలివానికి తెలిసిన తలుపులు.

పండిత రమాబాయిగారి కథ వేరు. 1874 కరవులో తిరుపతి సమీపమున అడవిలో తండ్రి ఆకలితో చనిపోయెను. కొన్ని వారములలో రాయచూరులో తల్లి చనిపోయెను. మిగిలిన అన్నతో కూడ వేల మైళ్లు నడచి 1878లో కలకత్తా చేరెను. దారిలో దిక్కులేని ఆడపిల్లకు ఏమి జరుగునో ఆమెకు ఇతరులు చెప్పనక్కరలేదు. అందుచేత 1896, 1897 సంవత్సరములలో మధ్యపరగణాలలో కరవు వచ్చినప్పుడు, అనాథ పిల్లలను మాయమాటలతో తీసికొనిపోవువారు ఆ చోట్ల తిరుగుచుందురని యెరిగి, తానే అక్కడికి పోయి వందల కొలది బాలికలను వెంటబెట్టుకొని వచ్చెను. తాను నడచిన దారిని మరచిపోలేదు.

ఇప్పుడు మీ ఇంటి విషయము. పిల్లను పంపుడి, పంపవద్దని నేను చెప్పను. జమ్మదేవతవలె, ఎవరితోను చెప్పక, ఎవరిని అడుగక, ఎవరి నడుమనో నిలిపి చేయి దులుపుకొనవద్దు. చేరబోవు కళాశాలను మొదట పగటివేళ ఇంటివారు ఒకరు వెంటపోయి చూచి రండి. వసతిగృహపు వార్డెను ఫోను నంబరు కాగితముపై వ్రాసి పిల్ల రవికెలోనో సంచిలోనో ఉంచుడి, ఎందుకనగా ఫోను పోయిన దినమున ఫోనులోని నంబర్లు కూడ పోవును. అత్యవసరమునకు 112, స్త్రీల సహాయమునకు 181, రైలులో 139 అని చిన్న బిడ్డకు పెద్ద ఆజ్ఞలు నేర్పినట్లు నోటికి నేర్పుడి. ఏదైన అన్యాయము జరిగినయెడల, అది మా సరిహద్దు కాదని ఏ పోలీసు స్టేషనువారును ఫిర్యాదు త్రోసివేయరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త నేరవిచారణ చట్టములో ఇది స్పష్టముగా వ్రాయబడినది. గల్ఫు దేశములలో ఇంటిపనికి పంపెదనని ఎవడైన 30 ఏండ్లు నిండని అమ్మాయి పాస్‌పోర్టు అడిగినయెడల, ఇమిగ్రేషను అనుమతి అక్కరగల పాస్‌పోర్టుపై ఆ వయస్సువారిని ప్రభుత్వము పంపదని యెరిగి, వానిని గుమ్మములోనే ఆపుడి. విజిటింగు వీసాపై పంపెదనన్నయెడల మరి శీఘ్రముగా ఆపుడి.

మరియొక సంగతి. పిల్ల ఇంటికి ఫోను చేసి, "నాకు ఇక్కడ భయముగా ఉన్నది" అన్నప్పుడు మొదటి మాటగా కోపపడవద్దు. తిట్టుదురని భయపడి దాచిపెట్టిన పిల్లలే ఎక్కువ ఆపదలో పడుట నా పరిచర్యలో చూచితిని. పౌలు మేనల్లుడు చెప్పిన మాటను సహస్రాధిపతి చేయిపట్టుకొని అవతలికి తీసికొనిపోయి ఏకాంతముగా వినెను. అన్యుడైన సైనికాధికారి ఒక పిల్లవాని మాటను అంత శ్రద్ధగా విన్నాడు.

సంఘములు చేయవలసిన పని కూడ కలదు. రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయము ఒక ఒంటరి స్త్రీ పేరుతో ప్రారంభమగును. కెంక్రేయ సంఘపు పరిచారకురాలైన ఫీబేను చేర్చుకొని ఆమెకు కావలసిన సహాయము చేయుడని పౌలు వ్రాసెను. అటుతరువాత వచ్చు పేర్ల పట్టికను మనము విసుగుతో దాటిపోవుదుము గాని, క్రొత్త పట్టణములో అడుగుపెట్టు స్త్రీకి అది తెలిసిన తలుపుల పట్టిక. మన మిషను కాలములో ఊరు మారు విశ్వాసికి పాస్టరు ఉత్తరము వ్రాసి ఇచ్చుట వాడుకగా నుండెను. ఇప్పుడు ఆ ఉత్తరము పెండ్లికి మాత్రమే అడుగుచున్నారు.

మా సంఘములో నిరుడు ఒక నోటు పుస్తకము పెట్టితిమి. దానిలో దూరపు ఊళ్లలో స్థిరపడిన మన విశ్వాసుల ఇండ్లు, వారి ఫోను నంబర్లు, క్రొత్తగా వచ్చు పిల్లను మొదటి దినమున స్టేషనులో కలిసికొనుటకు ఎవరు ఒప్పుకొనిరో వ్రాయుచున్నాము. ఇల్లాలితో మాటలాడకుండ ఏ ఇంటి పేరును ఎక్కించుట లేదు. విశాఖపట్టణములో అయిదు ఇండ్లు, కాకినాడలో మూడు, హైదరాబాదులో నాలుగు చేరినవి. వెల్లూరులో ఒకటియు లేదు. రాబోవు చదువుల కాలములో మా పిల్లలిద్దరు అక్కడికి పోవలసియున్నది. ఈ పత్రిక ఆ ఊరిలో చదువు తెలుగు కుటుంబము ఏదైన ఉన్నయెడల, సంపాదకుని ద్వారా నాకు ఒక కార్డు వ్రాయవలెనని కోరుచున్నాను.